జాజ్ క్లబ్‌కి వెళ్తే ఎలా వినాలి? మనం ఇచ్చే డబ్బు ఎటు పోతుంది?

ఈ ఎపిసోడ్ లైవ్ జాజ్ గురించి. జాజ్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది కాఫీ షాపులోనో హోటల్ లాబీలోనో వెనకాల సన్నగా వినపడే మ్యూజిక్. "దానికి టికెట్ కొనుక్కుని వెళ్ళి కూర్చోవడమేంటి బ్రో?" అని అడిగేవాళ్ళు ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. వీడియో అయ్యేసరికి మీకు మూడు విషయాలు క్లియర్ అవ్వాలి. ఒకటి, ఆ స్టేజి మీద అసలు ఏం జరుగుతోంది. రెండు, అది చిన్న గదిలోనే ఎందుకు బాగుంటుంది. మూడు, ఆ గది బతకాలంటే మనలాంటి మామూలు శ్రోత చేయగలిగింది ఏమిటి.

ముందే ఒక మాట. నేను మ్యూజిక్ నేర్చుకున్నవాణ్ణి కాదు. బీటెక్ చదివి, కొన్నేళ్ళు కోడ్ రాసి, ఇప్పుడు మీ ముందు కూర్చుని మాట్లాడుతున్నవాణ్ణి. ఆన్‌సైట్‌లో జెర్సీ సిటీలో ఉన్నప్పుడు న్యూయార్క్ క్లబ్బులకి వెళ్ళడం అలవాటైంది. కాబట్టి ఇది శ్రోత వైపు నుంచి చెప్పే కబురు.

ముందు, స్టేజి మీద ఏం జరుగుతోంది?

మనవాళ్ళకి జాజ్ అర్థమవ్వాలంటే అవధానం గుర్తు చేసుకుంటే చాలు. అష్టావధానంలో పృచ్ఛకుడు ఒక సమస్య ఇస్తాడు. అవధాని దాన్ని అక్కడికక్కడే పద్యంలో పూరించాలి. ఇష్టం వచ్చినట్టు కాదు. ఉత్పలమాల అంటే ఉత్పలమాలే. గణం తప్పకూడదు, యతి తప్పకూడదు, ప్రాస తప్పకూడదు. అన్ని కట్టుబాట్ల మధ్య కొత్త పద్యం పుడుతుంది కాబట్టే మనం చప్పట్లు కొడతాం.

జాజ్‌లో ఆ ఛందస్సు పని చేసేది కార్డ్స్ వరస. ఒక పాట తీసుకుంటారు. చాలా పాటలు 32 బార్ల పొడవు ఉంటాయి. బార్ అంటే ఇక్కడ తాగే బార్ కాదు, తాళంలో ఒక ఆవర్తం లాంటిది. ఆ 32ని ఎనిమిదేసి చొప్పున నాలుగు ముక్కలు చేస్తారు. మొదటి ముక్క, మళ్ళీ అదే, మూడోది వేరే ట్యూను, నాలుగోసారి మళ్ళీ మొదటిదే. బ్లూస్ అయితే ఇంకా చిన్నది, 12 బార్లు.

బ్యాండ్ ముందు అసలు ట్యూను వాయిస్తుంది. దాన్ని హెడ్ అంటారు. తర్వాత శాక్సఫోన్ ఆయన ట్యూను వదిలేస్తాడు. కార్డ్స్ వరస మాత్రం వదలడు. ఆ 32 బార్లు అలా తిరుగుతూనే ఉంటాయి, దాని మీద అప్పటికప్పుడు కొత్త ట్యూను కడతాడు. ఒక రౌండు పూర్తయితే ఒక కోరస్ అంటారు. ఆయన అయ్యాక పియానో, తర్వాత బేస్. ఆ తర్వాత డ్రమ్స్ ఆయనతో నాలుగేసి బార్లు ఇచ్చిపుచ్చుకుంటారు, అచ్చం సవాల్ జవాబ్‌లా. చివరికి అందరూ కలిసి మళ్ళీ హెడ్ వాయించి ముగిస్తారు.

నా భాషలో చెప్పాలంటే, హెడ్ అనేది ఫంక్షన్ సిగ్నేచర్. లోపలి కోడ్ ప్రతి రాత్రీ కొత్తగా రాస్తారు, అదీ జనం ముందు, డైరెక్టుగా ప్రొడక్షన్‌లో. రోల్‌బ్యాక్ లేదు.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఒక చిట్కా. మొదట్లో వచ్చిన ట్యూనుని మనసులో పట్టుకోండి. సోలో నడుస్తున్నంతసేపూ లోలోపల అదే హమ్ చేస్తూ ఉండండి. అప్పుడు ఆయన దాని నుంచి ఎంత దూరం వెళ్తున్నాడో, ఎక్కడ తిరిగి కలుస్తున్నాడో తెలుస్తుంది. అది పట్టుబడిందంటే మీకు జాజ్ వినడం వచ్చినట్టే. ట్యూను జారిపోయిందా, బేస్ మీద చెవి పెట్టండి. దారి చూపించేది అదే.

చిన్న గదే ఎందుకు?

న్యూయార్క్‌లో విలేజ్ వ్యాన్‌గార్డ్ అని ఒక క్లబ్ ఉంది. మ్యాక్స్ గోర్డన్ అనే ఆయన పెట్టారు. సెవెంత్ అవెన్యూ సౌత్‌లో ఆ బేస్‌మెంట్‌లో 1935 నుంచీ నడుస్తోంది. మొదట్లో అక్కడ కవిత్వం, జానపద గీతాలు, కామెడీ ఉండేవి. 1957 నుంచి పూర్తిగా జాజ్. మెట్లు దిగి లోపలికి వెళ్తే సమోసాలా ముక్కోణంగా ఉండే గది. పట్టేది 123 మంది. మన ఊళ్ళో చిన్న ఫంక్షన్ హాల్లో డైనింగ్ సెక్షన్ అంత కూడా ఉండదు.

కానీ సోనీ రోలిన్స్ 1957లో, బిల్ ఎవన్స్, జాన్ కోల్ట్రేన్ 1961లో చేసిన గొప్ప లైవ్ రికార్డింగులు ఆ గదిలోవే. బిల్ ఎవన్స్ ట్రయో రికార్డింగ్ 1961 జూన్ 25న జరిగింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే పియానో వెనకాల గ్లాసులు తగులుకున్న చప్పుడు, ఎవరో మాట్లాడుకుంటున్న శబ్దం వినపడతాయి. ఆ మాటలాడుకున్నవాళ్ళకి తాము ఏం మిస్ అవుతున్నారో తెలిసుండదు. బేస్ వాయించిన స్కాట్ లఫారో ఆ తర్వాత రెండు వారాలు కూడా తిరక్కుండానే రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. పాతికేళ్ళ వయసు. ఆ ముగ్గురూ కలిసి అలా వాయించడం మళ్ళీ జరగలేదు.

చిన్న గదిలో వాయించేవాళ్ళు ఒకరినొకరు మైకులు లేకుండా వినగలరు. డ్రమ్మర్ ఒక దెబ్బ మార్చగానే పియానో ఆయన నవ్వడం మీకు కనిపిస్తుంది. శాక్సఫోన్ ఆయన ఊపిరి తీసుకోవడం వినిపిస్తుంది. మనం శ్రద్ధగా వింటున్నామా, ఫోన్ చూస్తున్నామా అనేది వాళ్ళకీ తెలిసిపోతుంది. స్టేడియంలో ఇది కుదరదు.

ఇంకో కారణం, ఈ గదులే జాజ్‌కి ప్రయోగశాలలు. 1940ల మొదట్లో హార్లెమ్‌లోని మింటన్స్ ప్లేహౌస్ అనే చిన్న క్లబ్‌లో రాత్రిళ్ళు జామ్ సెషన్లు నడిచేవి. థెలోనియస్ మంక్, డిజీ గిలెస్పీ, కెన్నీ క్లార్క్, చార్లీ పార్కర్ లాంటివాళ్ళు అక్కడ ఒకళ్ళతో ఒకళ్ళు పోటీపడి వాయించేవాళ్ళు. బీబాప్ అనే కొత్త శైలి గట్టిపడిన చోట్లలో అది ముఖ్యమైనది.

గది పోతే ఏమవుతుందో మంక్‌ని చూస్తే తెలుస్తుంది

ఇది ఈ ఎపిసోడ్‌లో అన్నిటికంటే ముఖ్యమైన ముక్క, జాగ్రత్తగా వినండి.

ఆ రోజుల్లో న్యూయార్క్‌లో మద్యం అమ్మే క్లబ్బుల్లో వాయించాలంటే క్యాబరే కార్డ్ అనే పర్మిట్ ఉండాలి. ఇచ్చేది పోలీసులు, లాక్కునేది పోలీసులు. 1951లో ఒక డ్రగ్స్ కేసులో థెలోనియస్ మంక్ కార్డ్ పోయింది. 1957 దాకా తిరిగి రాలేదు. అంటే తన సొంత ఊళ్ళో, తను వాయించాల్సిన గదుల్లోకే ఆరేళ్ళపాటు మనిషికి ప్రవేశం లేదు. బిల్లీ హాలిడే కార్డ్ కూడా అలాగే పోయింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ ఆరేళ్ళూ మంక్ రికార్డులు చేస్తూనే ఉన్నారు. అంటే కంటెంట్ మార్కెట్లోకి వస్తూనే ఉంది. కానీ సంపాదన అంతంతమాత్రం, పేరు అంతంతమాత్రం. 1957లో కార్డ్ తిరిగి వచ్చాక ఫైవ్ స్పాట్ అనే చిన్న కెఫేలో నెలల తరబడి వాయించే అవకాశం దొరికింది. ఆ బ్యాండ్‌లో శాక్సఫోన్ మీద జాన్ కోల్ట్రేన్. జనం ఎగబడ్డారు. తోటి మ్యుజీషియన్లు వచ్చి కూర్చుని విన్నారు. మంక్ పేరు మారుమోగింది, కోల్ట్రేన్ వాయింపు కూడా అక్కడే కొత్త మలుపు తిరిగింది.

మంక్ పియానో వాయించే తీరు కొత్తగా ఏమీ మారిపోలేదు. మారిందల్లా, రాత్రి రాత్రికీ వచ్చి వినే జనం ఉన్న ఒక గది దొరకడం. అందుకే "ఆన్‌లైన్‌లో ఉంది కదా, క్లబ్ దేనికి?" అనే మాట నాకు మింగుడుపడదు.

ఇప్పుడు పోలీసు కార్డులు లేవు. కానీ గదులు ఇంకో రకంగా పోతున్నాయి. 2020లో కరోనా వచ్చి క్లబ్బులన్నీ మూతపడ్డాయి. న్యూయార్క్‌లో జాజ్ స్టాండర్డ్ అనే మంచి పేరున్న క్లబ్ ఇక తెరవబోమని ఆ డిసెంబర్‌లో ప్రకటించింది. ఇంకొన్ని క్లబ్బులు విరాళాల మీద, ప్రభుత్వ సాయం మీద గట్టెక్కాయి.

సరే, లెక్క వేద్దాం

ఇవి అసలు క్లబ్ లెక్కలు కావు, అర్థం కావడానికి నేను వేసుకున్న అంకెలు. ఒక క్లబ్‌లో రాత్రికి రెండు సెట్లు. టికెట్ 30 డాలర్లు. సెట్‌కి 40 మంది వచ్చారు. మొత్తం 2,400 డాలర్లు. అద్దె, కరెంటు, స్టాఫ్, సౌండ్ చూసే మనిషి, పియానో ట్యూనింగ్, పన్నులు అన్నీ పోను సగం బ్యాండ్‌కి ఇచ్చారనుకుందాం. 1,200. నలుగురు వాయిస్తే మనిషికి 300. రిహార్సల్ టైము, ప్రయాణం ఖర్చు అందులోనే.

ఇప్పుడు వాన పడింది, సెట్‌కి 15 మందే వచ్చారు. మొత్తం 900. అందులో సగం 450. మనిషికి 112 డాలర్లు. బేస్ ఆయన ఆరడుగుల వాయిద్యాన్ని టాక్సీలో ఎక్కించుకుని ఇంటికి వెళ్ళాలి. అలాంటి రాత్రి మీరూ మీ ముగ్గురు ఫ్రెండ్సూ వెళ్ళారంటే ఆ గదిలో నాలుగో వంతు దాకా మీరే. క్రికెట్ స్టేడియంలో మీ నలుగురూ లేకపోయినా ఎవరికీ తెలీదు. ఇక్కడ తెలుస్తుంది.

స్ట్రీమింగ్ లెక్క కూడా చూద్దాం. ఒక స్ట్రీముకి ఉదారంగా అర సెంటు వస్తుందనుకోండి. ఎనిమిది పాటల ఆల్బమ్‌ని మీరు పదిసార్లు విన్నారు. 80 స్ట్రీములు, 40 సెంట్లు. అందులో లేబుల్‌కి, డిస్ట్రిబ్యూటర్‌కి పోను ఎంత మిగులుతుందో మీరే ఊహించుకోండి. పైగా 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాటకి ఏడాదికి కనీసం వెయ్యి స్ట్రీములు రాకపోతే దానికి అసలు రాయల్టీయే లెక్కకట్టరు. అదే షో అయ్యాక బయట టేబుల్ మీద పెట్టుకున్న సీడీ 15 డాలర్లకి కొన్నారనుకోండి, అందులో ఎక్కువ భాగం ఆ మనిషికే. స్ట్రీమింగ్ మానేయమని అనట్లేదు, నేనూ వింటాను. కొత్తవాళ్ళని కనుక్కోవడానికి అది బాగా పనికొస్తుంది. కాకపోతే అక్కడితో మన బాధ్యత తీరిపోయిందని అనుకోకూడదు.

వెళ్తే ఏం చేయాలి, ఏం చేయకూడదు

మొదటిది, సెట్ అంటే ఏంటో తెలుసుకోండి. సెట్ సాధారణంగా గంట, గంటంపావు ఉంటుంది. చాలా క్లబ్బుల్లో సెట్ సెట్‌కీ టికెట్ వేరు. రెండో సెట్‌కి కూర్చోవాలంటే ముందే అడగండి. శుక్ర, శనివారాలు రద్దీ. మధ్య వారంలో వెళ్తే సీటు సుఖంగా దొరుకుతుంది, వాళ్ళకీ మీ అవసరం అప్పుడే ఎక్కువ. వ్యాన్‌గార్డ్‌లో సోమవారం రాత్రి పెద్ద ఆర్కెస్ట్రా ఉంటుంది. 1966లో మొదలైన సంప్రదాయం అది.

రెండోది, మినిమమ్. టికెట్ కాకుండా ఒక డ్రింక్ అయినా కొనాలనే రూల్ చాలా చోట్ల ఉంటుంది. "నేను తాగను అన్నా, ఎలా?" అని భయపడకండి. డ్రింక్ అంటే మందే కానక్కర్లేదు. కోక్ చెప్పండి, నిమ్మకాయ పిండిన సోడా చెప్పండి. అది మీ మీద రుద్దిన ఖర్చులా అనిపించొచ్చు గానీ, చాలా క్లబ్బుల అద్దె కట్టేది ఆ గ్లాసులే.

మూడోది, ఫోన్. వ్యాన్‌గార్డ్‌లో ఫోటోలు, వీడియోలు నిషిద్ధం. మిగతా చోట్ల కూడా ముందు అడగండి. మీ స్క్రీన్ వెలుగు ఆ చీకటి గదిలో వాయించేవాళ్ళ మొహం మీద పడుతుంది. ఒక క్లబ్‌లో నా ముందు టేబుల్ ఆయన బేస్ సోలో మొత్తం వీడియో కాల్‌లో వాళ్ళింట్లోవాళ్ళకి చూపించాడు, మాటలతో సహా. బేస్ సోలో అన్నిటికంటే మెల్లగా ఉంటుంది. జనం కబుర్లు మొదలుపెట్టేదీ సరిగ్గా అప్పుడే. దయచేసి అప్పుడు మాత్రం మాట్లాడకండి.

నాలుగోది, చప్పట్లు. పాట మధ్యలో ఒక్కొక్కరి సోలో అవ్వగానే చప్పట్లు కొట్టొచ్చు, అది ఆచారం. మన కచేరీలో తని ఆవర్తనం అయ్యాక కొట్టినట్టే. నచ్చితే "యా" అనడం, తల ఊపడం అన్నీ ఓకే. నచ్చకపోతే కొట్టక్కర్లేదు, ఎవరూ ఏమనుకోరు.

ఐదోది, టిప్. న్యూ ఆర్లీన్స్‌లో ఫ్రెంచ్‌మెన్ స్ట్రీట్ అని ఒక వీధి ఉంది, వరసగా చిన్న చిన్న క్లబ్బులు. చాలా చోట్ల తలుపు దగ్గర టికెట్ ఉండదు. మధ్యలో బకెట్ తిప్పుతారు. అది దక్షిణ కాదు, వాళ్ళ జీతంలో భాగం. ఐదో పదో డాలర్ల నోట్లు జేబులో పెట్టుకుని వెళ్ళండి. అదే ఊళ్ళో ప్రిజర్వేషన్ హాల్ ఉంది, 1961 నుంచి. అక్కడ మందు అమ్మరు, ఏ వయసువాళ్ళైనా రావొచ్చు. ముందు వరసలో నేల మీద కూర్చుని కూడా వింటారు. ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చినప్పుడు తీసుకెళ్ళడానికి అంతకంటే మంచి చోటు ఉండదు.

ఫెస్టివల్స్ సంగతి

క్లబ్బుకి వెళ్ళాలంటే మొహమాటంగా ఉందా? ఫెస్టివల్‌తో మొదలుపెట్టండి. డెట్రాయిట్ జాజ్ ఫెస్టివల్ లేబర్ డే వీకెండ్‌లో, చూసేవాళ్ళకి ఉచితం. న్యూయార్క్‌లో ఆగస్టులో చార్లీ పార్కర్ పేరు మీద జరిగే ఫెస్టివల్ కూడా ఉచితమే, పార్కుల్లో. దుప్పటి పరుచుకుని, డబ్బాలో పులిహోర పెట్టుకుని వెళ్ళొచ్చు.

పెద్ద ఫెస్టివల్స్‌లో పాతది న్యూపోర్ట్. 1954లో మొదలైంది. 1956లో అక్కడ జరిగింది చెప్పి తీరాలి. డ్యూక్ ఎల్లింగ్టన్ పని అయిపోయింది అని అప్పటికి అందరూ అనుకుంటున్నారు. రాత్రి పొద్దుపోయింది, జనం లేచి వెళ్ళిపోతున్నారు. ఎల్లింగ్టన్ ఒక బ్లూస్ మొదలుపెట్టి, మధ్యలో సోలోకి పాల్ గొన్సాల్వెజ్‌ని వదిలారు. ఆయన ఆపలేదు. ఒకటి కాదు, రెండు కాదు, 27 కోరస్‌లు. మధ్యలో నల్ల గౌను వేసుకున్న ఒకావిడ లేచి డాన్స్ మొదలుపెట్టింది. ఆవిడని చూసి ఇంకొందరు. వెళ్ళిపోతున్నవాళ్ళు వెనక్కి తిరిగారు. ఆ హోరు చూసి బ్యాండ్ ఇంకా రెచ్చిపోయింది. తర్వాతి నెలలో ఎల్లింగ్టన్ బొమ్మ టైమ్ మ్యాగజైన్ కవర్ మీద ఉంది.

మన పద్యనాటకాల్లో జనం "వన్స్ మోర్" అంటే నటుడు రాగం మళ్ళీ ఎత్తుకునేవాడు కదా, ఇదీ అలాంటిదే. తేడా ఏంటంటే, జాజ్‌లో వన్స్ మోర్ అన్నా అదే సోలో మళ్ళీ రాదు. అందుకే ఆ టైముకి అక్కడ ఉండాలి. ఆ ఆవిడ ఏ వాయిద్యమూ వాయించలేదు. కానీ ఆవిడ లేకుండా ఆ రాత్రి కథ ఎవరూ చెప్పరు.

మనకేంటి సంబంధం?

చాలా ఉంది. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు 1983లో, ఇంకా పిల్లాడిగా ఉండగానే, బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌లో కర్ణాటక సంగీతం వాయించారు. తర్వాత రిమెంబర్ శక్తి బ్యాండ్‌లో జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌ల పక్కన కూర్చుని ప్రపంచమంతా తిరిగారు. ఎలక్ట్రిక్ మాండలిన్ మీద మన స్వరకల్పన వింటే జాజ్ శ్రోతకి కొత్తగా ఏమీ అనిపించదు, ఎందుకంటే అక్కడికక్కడ కట్టడం ఇద్దరి ఇంటి విద్యే.

మన దేశంలోనూ 1978లో బొంబాయిలో జాజ్ యాత్ర అనే ఫెస్టివల్ మొదలైంది. మొదటి ఏడాదే సోనీ రోలిన్స్ వచ్చారు. ఇప్పుడు ఢిల్లీలో ది పియానో మ్యాన్ లాంటి క్లబ్ ఉంది, కోల్‌కతా, గోవాల్లో ఫెస్టివల్స్ ఉన్నాయి. హైదరాబాద్‌లో అలియాన్స్ ఫ్రాన్సైజ్, గోథె జెంట్రుమ్‌లు అప్పుడప్పుడు యూరప్ నుంచి వచ్చే బ్యాండ్లతో షోలు పెడుతుంటాయి. వాళ్ళ ఇన్‌స్టా పేజీలు ఫాలో అవ్వండి. ఏప్రిల్ 30 అంతర్జాతీయ జాజ్ దినం, ఆ వారం తప్పకుండా ఒకసారి వెతకండి.

జెర్సీ సిటీ తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకైతే సాకే లేదు. జర్నల్ స్క్వేర్‌లో పాత్ రైలెక్కి క్రిస్టఫర్ స్ట్రీట్‌లో దిగండి. వ్యాన్‌గార్డ్, స్మాల్స్ రెండూ నడిచి వెళ్ళే దూరమే. ఇండియాలో ఉన్నవాళ్ళకి కూడా దారి ఉంది. స్మాల్స్ క్లబ్ తన షోలు ఆన్‌లైన్‌లో లైవ్ ఇస్తుంది. వేసవిలో అక్కడ రాత్రి ఏడున్నర అంటే మనకి తెల్లారి ఐదు. కాఫీ కలుపుకునే టైము. నచ్చితే అక్కడే సభ్యత్వమో విరాళమో ఇవ్వొచ్చు.

ఈ వారం పని చెప్తాను. ఒకటే. మీ ఊళ్ళో ఈ నెలలో జరిగే లైవ్ షో ఒకటి వెతకండి. జాజ్ దొరక్కపోతే కర్ణాటక కచేరీ అయినా పర్లేదు, సురభి నాటకమైనా పర్లేదు. చిన్న గది అయ్యుండాలి, టికెట్ మీ డబ్బుతో కొనాలి. ఒక్కరే వెళ్ళకండి, ఎప్పుడూ వినని ఫ్రెండ్‌ని ఒకరిని లాక్కెళ్ళండి. ఎవరి సోలో నచ్చిందో షో అయ్యాక వాళ్ళ దగ్గరికి వెళ్ళి ఒక్క మాట చెప్పండి. తర్వాత ఆ షో ఎలా ఉందో కింద కామెంట్‌లో రాయండి, అన్నీ చదువుతాను. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.